కింది కొట్టు, జిట్రేగి పొడి, నా ఊపిరి

ఆ రోజు నేను కర్ర పలక ఒకటి భుజాన పెట్టుకుని ఇంటి కింది కొట్టు మెట్లు ఎక్కుతున్నాను. సగం మెట్ల మీద ఊపిరి ఆగినట్టయింది. పలక బరువుకు కాదు. అంతకంటే బరువైనవి అంతకుముందు ఎన్నో మోశాను. ఛాతీ చుట్టూ ఎవరో తడిబట్ట బిగించి ముడి వేసినట్టుంది. గాలి లోపలికి పోతోంది గాని బయటికి రానని మొండికేస్తోంది. పిల్లికూతల్లాంటి శబ్దం వినిపించి, పిల్లి ఎక్కడ దూరిందా అని చుట్టూ చూశాను. ఆ కూతలు నా ఛాతీలోంచే వస్తున్నాయి.

పైనుంచి నా భార్య సుగుణ తొంగి చూసింది. "ఏమైందండీ, నడిమెట్టు మీద నిలబడ్డరు?"

"పలక చూస్తున్న."

"చీకట్ల ఏం చూసుడు? పైకొచ్చి చూడండి, వెలుతురుంటది."

నేను పలక దించలేదు. ఊపిరి అందాక పైకి తెచ్చి గోడకు ఆనించాను. రెండువేల నాలుగు వానాకాలం అది. నాకు నలభై ఏడేళ్లు. బీడీ ముట్టినవాణ్ణి కాదు. మా ఇంట్లో ఉబ్బసం ఎవరికీ లేదు. ఏదో ఆయాసం, అయిపోయింది అనుకున్నాను.

ముందు ఆ కొట్టు సంగతి చెప్పాలి. జబ్బు మొదలైంది అక్కడే, దాన్ని గెలిచిందీ అక్కడే.

మాది టేకులపల్లి అవతల అడవి అంచు ఊరు. ఊళ్లో మా ఇంటిని ఇప్పటికీ పెద్దిల్లు అంటారు. భూములు మా తాత కాలంలో కొన్ని, మా నాయన కాలంలో కొన్ని పోయాయి. ఎట్లా పోయాయో చెప్పుకుని జాలి పుట్టించడం నా పద్ధతి కాదు. మా నాయన చివరి ఏళ్లన్నీ వాకిట్లో చేతుల కుర్చీలో గడిపారు. దారిన పోయేవాళ్లు "దొరా, దండం" అంటే తల ఊపేవారు. అదే ఆయనకు మిగిలిన పని. ఆయన పోయిన రోజు ఆ చేతులు చూశాను. పసిపిల్లల చేతుల్లా మెత్తగా ఉన్నాయి. నా చేతులు అట్లా పోకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

తర్వాత ఒక ముసురులో ఇంటి పెరటి వైపు మిద్దె కూలింది. మట్టిగోడలు కరిగిపోయాయి గాని లోపలి కర్ర చెక్కుచెదరలేదు. టేకు దూలాలు, జిట్రేగి స్తంభాలు. జిట్రేగి అంటే నల్లటి చారలుండే గట్టి కర్ర, పట్నంలో రోజ్‌వుడ్ అంటారు. ఖమ్మం నుంచి కర్ర వ్యాపారి ఒకాయన వచ్చి, మొత్తం ఒకే బేరంలో తీసుకుంటానన్నాడు.

"ఏం చేస్తరు దీంతోని?" అని అడిగాను.

"హోటల్‌కు బల్లలు కొట్టిస్త దొరా."

మా ముత్తాత నిలబెట్టిన స్తంభం మీద ఎవరో టీ గ్లాసు పెట్టుకుని ముచ్చట్లాడటం నాకు సమ్మతం కాలేదు. మజ్జిగ ఇప్పించి పంపేశాను. ఆ కర్రను నేనే పనిలో పెట్టాలనుకున్నాను.

నాకు పని నేర్పింది వడ్ల బ్రహ్మయ్య. ఆయన తండ్రి, తాత మా ఇంటి నాగళ్లు, బండ్లు చేసినవాళ్లు. కర్ర చివ్వి నున్న చేసే రందా నేను పట్టుకుంటానంటే ఆయన నమ్మలేదు.

"దొర రందా పడితే ఊళ్లె వానలు పడయి," అని నవ్వాడు.

"నేను పట్టకముందు బాగా పడ్డయి గదా. మిద్దె కూలింది."

ఆ మాటకు బ్రహ్మయ్య ఇంకోసారి నవ్వి, రందా నా చేతిలో పెట్టాడు.

పని పెట్టుకోవడానికి ఇంటి కింద నేలమాళిగ ఉంది. కింది కొట్టు అంటాం. ఒకప్పుడు ధాన్యం నింపేవారు. రాతి గోడలు, బండల నేల. ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది కాబట్టి కర్ర పగలదు. వీధిలోకి కనిపించదు కూడా. మా ఇంట్లో పని చేయించినవాళ్లే గాని చేసినవాళ్లు లేరు. నేను చేయడానికి సిద్ధపడ్డాను. చూపించడానికి ఇంకా సిద్ధపడలేదు.

కొట్టుకు వీధి వైపు, పైకప్పు కింద, వరుసగా గాలి కిటికీలు ఉండేవి. కరువు కాలంలో లోపల ఎంత ధాన్యం ఉందో వీధివాళ్లు తొంగి చూడకుండా మా తాత వాటిని ఇటుకలతో పూడ్పించాడు. నేను వాటిని ముట్టుకోలేదు. శబ్దం బయటికి పోదని సంతోషించాను కూడా. చెమ్మ ఎక్కకుండా బండల మీద మొద్దులు పరిచి, వాటి మీద చెక్కలు వేశాం. పని బల్లను నా నడుము ఎత్తుకు చేయించాను. బ్రహ్మయ్య వాళ్లు నేల మీద కూర్చుని, కాలి వేళ్లతో కర్ర పట్టుకుని పని చేస్తారు. నాకు వంగడం అలవాటు లేదు, చేసుకోదలచుకోలేదు. కరెంటు లైను దించి, కోత రంపానికి మోటారు, నున్న చేయడానికి శాండర్ మిషను పెట్టించాను. తలుపు మూసుకుని పనిలో పడ్డాను.

నా కుర్చీలు కొత్తగూడెం బొగ్గుబావుల క్వార్టర్ల దాకా పోయాయి. కొన్నవాళ్లంతా బ్రహ్మయ్య చేశాడనుకునేవారు. అనుకోనిచ్చాను.

మెట్ల మీద ఆయాసం వచ్చిన తర్వాత దగ్గు మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. పనిలోకి దిగితే సాయంత్రానికి దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం. బ్రహ్మయ్యకు చెప్పాను.

"పొడి మింగిన్రు దొరా. బెల్లం ముక్క తినుండ్రి, పొడిని గుంజుకపోతది. మా తాతల కాంచి గదే మందు."

రోజూ పని దిగగానే బెల్లం తిన్నాను. దగ్గు తగ్గలేదు. సుగుణ మాత్రం బెల్లం డబ్బా ఖాళీ అవుతోందని గొణిగింది.

మా నాయనకు వైద్యం చేసిన డాక్టరుగారి దగ్గరికి పోయాను. పెద్దాయన. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. "కబురు పంపితే నేనే వచ్చేవాణ్ణి గదండీ," అన్నారు. స్టెతస్కోపు పెట్టి చూసి, "బ్రాంకైటిస్. చల్లగాలి పడ్డట్టుంది. రెస్ట్ తీసుకోండి," అన్నారు. యాంటిబయాటిక్ కోర్సు, దగ్గు సిరప్ రాశారు. మీరేం పని చేస్తున్నారని ఆయన అడగలేదు. పెద్దింటి మనిషిని ఆ మాట అడగడం అమర్యాద అని ఆయన ఉద్దేశం. నాకూ ఆ మర్యాద బాగానే అనిపించింది. నేనూ చెప్పలేదు.

రెండో కోర్సుకూ తగ్గలేదు. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, "ఎందుకైనా మంచిది, టీబీ చూసుకుందాం," అన్నారు. ఎక్స్‌రే తీయించాను, తెమడ పరీక్షకు ఇచ్చాను. ఆ రిపోర్టులు వచ్చేదాకా నా కంచం, గ్లాసు వేరు పెట్టమని సుగుణకు చెప్పాను. ఆమె సరేనంది. మధ్యాహ్నం నా కంచంలో మిగిలిన పెరుగన్నం నా ఎదురుగానే తిన్నది.

"ఏం పని అది?" అని కోప్పడ్డాను.

"టీబీ అయితే ఇద్దరికీ ఒకటేసారి మందు తెచ్చుకుందం. బస్సు ఖర్చన్న కలిసొస్తది."

ఎక్స్‌రే క్లియర్. తెమడ నెగటివ్. మంచిదే గాని, దగ్గు ఎందుకో ఎవరికీ తెలియలేదు.

ఆ నడుమ వైరాలో మా బావమరిది ఇంట్లో పెళ్లి పడి, వారం అక్కడే ఉన్నాం. పొద్దున్నే రిజర్వాయరు కట్ట మీద హాయిగా నడిచాను. దగ్గు మాయమైంది. సుగుణ మురిసిపోయింది. "మా పుట్టింటి నీళ్ల మహిమ. ఇన్నేండ్లు ఎక్కిరించిన్రు గదా!" ఊరికి వచ్చి కొట్లోకి దిగిన రెండో రోజే దగ్గు మళ్లీ వచ్చింది. "చూసిన్రా, ఇక్కడి నీళ్లే మంచిగ లేవు," అంది. నాకూ నిజమేమో అనిపించింది.

ఒక బీరువాకు జిట్రేగి తలుపులు చేస్తున్నాను. పొద్దుటినుంచి శాండర్ ఆడించాను. కొట్టంతా ఊదారంగు పొడి. సుగుణ టీ తెచ్చింది. టీ అక్కడ పెట్టమని చెప్పబోతే రెండో మాట రాలేదు. పెదవులు నల్లబడ్డాయట. ఆమె కేకకు బ్రహ్మయ్య వచ్చి, ఊళ్లో ఉన్న జీపు మాట్లాడి నన్ను ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాడు.

అక్కడ మంచం మీద కూర్చోబెట్టారు. సిస్టరమ్మ, "ముందుకు వంగండి సార్, ఊపిరి తేలికైతది," అంది. నిటారుగానే కూర్చుంటానని చెప్పబోయాను. 'నిటా' దగ్గరే ఊపిరి అయిపోయింది. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు వంచింది. నిజంగానే తేలికైంది. ఆక్సిజన్ పెట్టారు, నెబ్యులైజర్ పెట్టారు, ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి మాట వచ్చింది.

మర్నాడు పొద్దున చెస్ట్ డాక్టర్ వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి, చిన్న వయసు. మా ఊరు, మా ఇల్లు ఆమెకు తెలియవు.

"మీరేం పని చేస్తారండీ?" అని అడిగింది.

"పొలం ఉంది."

"పొలం ఉంది, సంతోషం. పొద్దున లేచింది మొదలు మీరేం చేస్తారు?"

జవాబు చెప్పకముందు పక్కకు చూశాను. సుగుణ కొంగు సర్దుకుంటూ కిటికీ వైపు చూస్తోంది. బ్రహ్మయ్య తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నా పరువు కోసం నోరు మూసుకున్నారు. అది నాకు నచ్చలేదు. ఇంకొకరు దాచిపెట్టాల్సిన పని నేను ఏదీ చేయలేదు.

"కర్రపని చేస్తాను," అన్నాను. "కుర్చీలు, బీరువాలు, తలుపులు. నా చేతులతో."

"ఎక్కడ?"

"ఇంటి కింద. నేలమాళిగలో."

"కిటికీలు ఉన్నాయా?"

"పూడ్చి ఉన్నాయి."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "పని లేని రోజుల్లో, ఊరు వెళ్లినప్పుడు తగ్గుతుందా?"

"వైరాల ఒక్కసారి దగ్గలేదు మేడం!" అంది సుగుణ. "నేను మా నీళ్ల మహిమ అనుకున్న."

"నీళ్లు కాదమ్మా, అక్కడ కర్రపొడి లేదు."

పీఎఫ్‌టీ చేయించారు. అది ఊపిరితిత్తుల బలం చూసే పరీక్ష, ఒక గొట్టంలోకి బలంగా ఊదాలి. "ఊదండి, ఊదండి, ఊదండి, ఆపొద్దు, ఇంకా, ఇంకా" అని ఆ టెక్నీషియన్ అరుస్తుంటే ఎద్దుల పందెంలో ఉన్నట్టుంది. తర్వాత ఇన్‌హేలర్ పీల్పించి మళ్లీ ఊదించారు. రెండోసారి ఊపిరి బలం బాగా పెరిగింది.

"ఇది ఆక్యుపేషనల్ ఆస్తమా, అంటే చేసే పని వల్ల వచ్చే ఉబ్బసం," అంది డాక్టర్. "మీకు కర్రపొడి పడటం లేదు. రోజ్‌వుడ్ పొడి కొందరికి అస్సలు పడదు, టేకూ అంతే. మీరేమో మూత పెట్టిన డబ్బాలో కూర్చుని దాన్నే పీలుస్తున్నారు. పని మానేయడం అన్నిటికంటే మంచిది. ఇప్పుడే మానేస్తే చాలావరకు తగ్గిపోవచ్చు. ఇట్లాగే చేస్తే ముదురుతుంది."

వాకిట్లో మా నాయన కుర్చీ నా కళ్ల ముందుకు వచ్చింది. ఈ పని పోతే నాకు మిగిలేది అదే.

"మాననమ్మా," అన్నాను. "మానకుండా బతికే దారి ఉంటే చెప్పండి."

"జబ్బుకు మందు ఇస్తాను గాని, మొండితనానికి మందు లేదండీ."

"అది మా ఇంటి ఆస్తి. అమ్ముడుపోకుండా మిగిలింది అదొక్కటే."

ఆమె నవ్వింది. నవ్వుతూనే షరతు పెట్టింది. మూడు నెలలు కొట్లోకి దిగకూడదు. రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ పీల్చాలి. పీక్ ఫ్లో మీటర్ అని ఒక చిన్న గొట్టం ఇచ్చి, పొద్దున, సాయంత్రం ఊది ముల్లు ఎక్కడిదాకా పోతుందో చూసుకోమంది. "మూడు నెలల తర్వాత ఊపిరి బాగుంటేనే ఆ మాట ఎత్తండి. లేకపోతే నా దగ్గర వాదించడానికి కూడా ఊపిరి చాలదు."

ఆ మూడు నెలలు నా జీవితంలో అన్నిటికంటే పొడుగైనవి. పగలంతా మా నాయన కుర్చీలో కూర్చున్నాను. "దొరా, దండం," అంటూ జనం పోతున్నారు. తల ఊపాను. పీల్చే మందు అలవాటైతే ఇక వదలదని ఊళ్లో అందరూ చెప్పారు. ముల్లు బాగా పైకి పోతోందని చూసి, తగ్గిందనుకుని ఇన్‌హేలర్ మానేశాను. పక్షం తిరక్కముందే, చలికి, మిర్చి ఘాటుకు పిల్లికూతలు మళ్లీ వచ్చాయి. మళ్లీ ఖమ్మం, మళ్లీ నెబ్యులైజర్.

"తగ్గింది మందు వల్ల," అంది డాక్టర్, ఈసారి నవ్వకుండా. "తగ్గిందని మందు మానేస్తే ఎలా? చేతికర్రతో నడక వచ్చిందని నడుమ దారిలో కర్ర పారేస్తారా? ఇది అలవాటయ్యే మందు కాదు. చిన్న మోతాదు, నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది."

మూడు నెలల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలైంది. కర్ర వ్యాపారికి నా సంగతి ఎవరు చెప్పారో, అదే వారం వచ్చాడు. "ఇప్పుడన్న ఇస్తరా దొరా? పానం కంటే కర్ర ఎక్కువా?" అన్నాడు. సుగుణ నా కంటే ముందు జవాబు చెప్పింది. "మజ్జిగ తాగిపోండి. ఇంట్ల కర్ర ఎక్కడికీ పోదు."

మూడు నెలలూ తప్పకుండా మందు పీల్చాను. ముల్లు నిలబడింది. డాక్టర్ దగ్గరికి పోయి నిలబడ్డాను. పని చేసుకోవచ్చు గాని ఆ కొట్లో, ఆ గాలిలో కాదని ఆమె అంది. గాలి ఒక వైపునుంచి వచ్చి ఇంకో వైపు పోవాలి. పొడి లేచే పనులు బయట చేయాలి. మాస్క్ పెట్టుకోవాలి. జిట్రేగిని కోయకూడదు, నున్న చేయకూడదు. ముల్లు కిందికి దిగితే ఆ రోజే పని ఆపి ఆమె దగ్గరికి రావాలి. "ఇదంతా చేసినా మానేయడమే మంచిదని నా మాట. అది మర్చిపోవద్దు," అంది. మర్చిపోలేదు.

ఇంటికి వచ్చి బ్రహ్మయ్యను పిలిచి, మా తాత పూడ్పించిన గాలి కిటికీలు చూపించాను. "పగలగొట్టు."

"వీధి వైపా?"

"వీధి వైపే."

"మీరు పని చేసుడు అందరికీ కనబడ్తది దొరా."

"కనబడనీ. చేతకాని పని అయితే దాచుకోవాలి. మన పని బాగానే ఉంటది గదా?"

"నేర్పింది ఎవరు మరి!" అంటూ గడ్డపార అందుకున్నాడు. మాస్క్ పెట్టుకుని దూరంగా నిలబడమని నన్ను పంపేసి, ఒక్కొక్క ఇటుకా పడుతుంటే అక్కడినుంచే అరిచాడు. "మా తాత దీంట్లకు తొంగి చూస్తే కండ్లు పీకిస్తనన్నడంట మీ తాత. ఇయ్యాల మీరే పిలిచి చూడుమంటున్నరు!"

"నీ కండ్లు బాగున్నయి. పని చూడు," అన్నాను.

ఇటుకలు తీయగానే వీధి గాలి లోపలికి వచ్చింది. ఎదురు గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం. కోత మోటారు, శాండర్ పెరట్లోకి మార్చాం. వాటికి నాలుగు వైపులా తెరిచి ఉన్న ఒక షెడ్డు కావాలి. అప్పుడు నాకు ఇంకా కోయకుండా మిగిలిన జిట్రేగి స్తంభాలు గుర్తొచ్చాయి. కోయకూడదు, నున్న చేయకూడదు. నిలబెట్టొద్దని డాక్టర్ అనలేదు కదా! మా ముత్తాత నాటిన స్తంభాలను ముక్క కోయకుండా, గీత పడకుండా, అట్లాగే తెచ్చి పెరట్లో నిలబెట్టి పైన రేకులు వేశాం. మిద్దె కూలిన తర్వాత మొదటిసారి అవి మళ్లీ ఒక కప్పును మోశాయి.

కిటికీలు వీధి నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి. నేను రందా పట్టిన మొదటి రోజే నీళ్లకు పోయే ఆడవాళ్లు బిందెలు దించి, వంగి లోపలికి చూశారు.

"ఓ లచ్చక్కా, ఇటు రా! దొరకు చెమట పట్టింది!"

"దొరలకు చెమట పడ్తదానే?"

"నీ లెక్కనే పడ్తది. చూడు, చొక్కంత తడిసింది."

నేను రందా ఆపలేదు. "చూస్తే చూడండి గాని వెలుతురుకు అడ్డం రాకండి," అన్నాను. నవ్వుతూ పక్కకు జరిగారు. వాళ్లలో ఒకామె మర్నాడు రోకలి తెచ్చి, దాని కొసన ఉండే ఇనుప పొన్ను ఊడిందని కిటికీలోంచి అందించింది. అదీ వీధినుంచి వచ్చిన మొదటి పని.

బొగ్గుబావుల క్వార్టర్ల నుంచి నా పాత కొనుగోలుదారు ఒకతను వచ్చి, కిటికీ దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "ఇంతకాలం బ్రహ్మయ్య చేసిండనుకున్నం గదా!" అన్నాడు.

"నా పనైతే ఇన్ని దినాలు పడ్తదా?" అన్నాడు బ్రహ్మయ్య. "ఒక కుర్చీకి దొర తీసుకునే టైముల నేను ఇల్లు కడ్త. కాకపోతే దొర కుర్చీ ఊగదు."

బ్రహ్మయ్య నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను ఎప్పుడూ వినలేదు.

ఇది జరిగి నాలుగేళ్లు దాటింది. ఇన్‌హేలర్ ఇప్పటికీ రెండు పూటలా పీలుస్తాను. మోతాదు సగానికి తగ్గించారు. ఏటా పీఎఫ్‌టీ చేయించుకుంటాను. మధ్యలో రెండుసార్లు ముల్లు దిగింది. రెండుసార్లూ పని ఆపి ఖమ్మం పోయాను. ఆస్పత్రిలో పడుకోవాల్సిన అవసరం మళ్లీ రాలేదు. మెట్లు ఆగకుండా ఎక్కుతాను. వాకిట్లో కుర్చీ ఖాళీగానే ఉంటుంది. అరచేతుల్లో కాయలు కాశాయి.

చదివేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు, ఆయన అడిగినా అడగకపోయినా, రోజంతా మీ చేతులు ఏం చేస్తాయో, ఎటువంటి చోట చేస్తాయో ముందు చెప్పండి. నా జబ్బు పేరు ఆ ఒక్క మాటలో ఉంది. అది చెప్పేదాకా ఏ పరీక్షలోనూ బయటపడలేదు.

మొన్న ఏటా చేసే పరీక్షకు పోతే కౌంటర్ దగ్గర కొత్త అమ్మాయి కార్డు రాస్తోంది. మా పక్క మండలం పిల్ల. ఊరు, ఇంటి పేరు చెప్పగానే లేచి నిలబడింది. నన్ను అడగకుండానే, "వ్యవసాయం అని రాయనా సార్?" అంది.

"కూర్చోమ్మా," అన్నాను. "కర్రపని అని రాయి. కనబడేటట్టు రాయి."